దీపాల వేళ అడిగిన మాట

దగ్గరికి జరగండమ్మా. ఆ చాప కొంచెం ఇటు లాక్కోండి, గడప మీద మాత్రం ఎవరూ కూర్చోవద్దు. పోయిన వారం యల్లయ్య ఇంటి ముందర మనం వదిలిపెట్టి వచ్చిన కేకలు ఉన్నాయే, అవి ఇంకా ఆగలేదు.

"మందను అమ్మేది అమ్మేదే! నువ్వు అడ్డం రాకు," అంటున్నాడు యల్లయ్య.

"అడ్డమెందుకు వస్తా? నీ జీవాలు, నీ ఇష్టం. నిన్నటి నుంచి మీ అక్క ముద్ద ముట్టలేదు, అదొక్కటి చెప్తాండా," అంది భార్య మల్లి, చేతిలోని చేటను అరుగు మీద విసురుగా పెట్టి.

"ఒళ్ళు బాగలేదేమో."

"ఒళ్ళు బాగలేని మనిషి దొడ్డంతా ఊడుస్తాదా? ఊడ్చిందే ఊడుస్తాంది. నేల గుంతలు పడతాంది."

బేస్తవారిపేట దాటినాక, రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే పల్లె అది. గొర్రెల మందలే ఆస్తిగా బతికే ఇళ్ళు. ఆటో దిగి, సంచి భుజాన వేసుకొని వీధి మలుపు తిరుగుతున్న కావ్యకు ఆ మాటలన్నీ స్పష్టంగా వినబడుతూనే ఉన్నాయి. యల్లయ్య కూతురే కావ్య. మార్కాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. అమ్మ ఫోన్ చేసి "అత్త తినడం లేదు, రా" అంటే, మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి బస్సెక్కింది.

అత్త అంటే పోలమ్మ, యల్లయ్యకు అక్క. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోతే, మెట్టినింటివాళ్ళు ఒక మూట చేతికిచ్చి పంపేశారు. పుట్టింటికొచ్చి మంద వెనక నడవడం మొదలుపెట్టిన మనిషి, తల నెరిసేదాకా ఆ నడక ఆపలేదు. కావ్యకు నడక నేర్పింది కూడా ఆ మంద వెనకే.

"ఇదిగో, వచ్చింది!" కూతుర్ని చూడగానే యల్లయ్యకు ఎక్కడలేని బలం వచ్చింది. "దాన్నే అడుగు. నేనేమన్నా దొంగతనంగా అమ్ముతాండానా? అక్క మోకాళ్ళు చూడలేక అమ్ముతాండా. అది కూడా ఊరికే కాదు, పాపను అడిగి మరీ బేరం పెట్టినా. ఊళ్ళో ఆడోళ్ళందరినీ అడిగింది గదా చదువు కోసరం? అత్త ఏమంటాదమ్మా అంటే, అందరూ బాగనే ఉండారు నాయనా, పని మానినా బాధపడేవాళ్ళు ఎవరూ లేరు అన్నది. చెప్పు పాపా. అన్నావా, లేదా?"

కావ్య సంచి దించలేదు. చెప్పులు విప్పలేదు.

"అన్నా నాయనా," అంది మెల్లగా.

"విన్నావా?" అన్నాడు యల్లయ్య భార్యతో. "తెల్లారితే జీవాలు కొనే చెంచయ్య బండి వస్తాది. త్రిపురాంతకం నుంచి వచ్చే మనిషి, మాటిచ్చి తిప్పి పంపితే నా ముఖం ఏడ పెట్టుకోను?"

తువ్వాలు దులుపుకొని రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

మల్లి కూతురి వంక చూసింది. తల్లి చూపు అమ్మా, అది వేరే లెక్క. "ఏందే, ముఖం అట్ల పెట్టినావు?"

"ఏం లేదమ్మా."

ఏం లేకపోవడమేమిటి! ఉన్నదంతా ఆ పిల్ల గొంతులోనే ఉంది.

మనుషుల మనసులో ఏముంటుందో తెలుసుకోవాలని ముచ్చటపడి సైకాలజీ చదువులో చేరింది కావ్య. లెక్కలంటే భయపడి ఇంటర్లోనే వాటికో దండం పెట్టి వచ్చిన పిల్ల. తీరా ఇక్కడికి వస్తే, మనసు చదువుకు కూడా స్టాటిస్టిక్స్ అని ఒక పేపరు తప్పదన్నారు. సగటు ఎట్లా కట్టాలి, ఆ సగటుకు ఎవరు ఎంత దూరంలో ఉన్నారు, పదిమందిని అడిగి ఊరి సంగతి చెప్పడం ఎంతవరకు న్యాయం... ఇవీ ఆ చదువులో మాటలు. మొదట ఏడ్చింది. తర్వాత పట్టుబట్టి నేర్చుకుంది. నేర్చుకున్నాక ఆ పిల్లకు కొంచెం గర్వం కూడా వచ్చింది, ఉన్నమాట చెప్పుకోవాలి.

ఆ పేపరుకే ఒక ప్రాజెక్టు చేయమన్నారు సుచరిత మేడం. 'పనికి పోయే పల్లె ఆడవాళ్ళలో ఒంటరితనం' అని పెట్టుకుంది కావ్య. దసరా సెలవుల్లో ఫోను పట్టుకొని ఇల్లిల్లూ తిరిగింది. పొద్దున పోతే అందరూ మిరపచేలల్లో, పత్తిచేలల్లో ఉంటారు గదా, అందుకని సాయంకాలం, మనుషులు ఇల్లు చేరే వేళ చూసి పోయేది.

"నీకు తోడెవరూ లేరని ఎప్పుడన్నా అనిపిస్తాదా పెద్దమ్మా? ఒకటి అంటే అస్సలు లేదు, ఐదు అంటే ఎప్పుడూ అనిపిస్తాది."

"ఒకటా ఐదా ఏందే, ఇది వంకాయల బేరమా?" అని నవ్వింది ఎదురింటి నాగరత్నమ్మ. "నాకేం తల్లీ, చల్లగా ఉండా. ఒకటే రాసుకో."

కొడుకుతో మాటలు లేక పోయిన ఎండాకాలం నుంచి వేరే పొయ్యి పెట్టుకున్న మనిషి ఆ నాగరత్నమ్మ. ఊరంతటికీ తెలుసు. కావ్యకూ తెలుసు. అయినా ఒకటే నొక్కింది.

ఆ వీధి ఈ వీధి, అందరిదీ ఒకటే పాట. బాగున్నాం తల్లీ. మాకేం తక్కువ, పని మానినా బాధ లేదు. ఒకటేసుకో, పోనీ రెండేసుకో.

పోలమ్మనొక్కదాన్నే వేరే చోట అడిగింది. ఇంట్లో మనిషే గదా అని మంద వెంట బీడులోకి పోయిన రోజు, మిట్టమధ్యాహ్నం తుమ్మచెట్టు కింద సద్దిమూట విప్పుతుండగా అడిగింది.

"ఐదేసుకో," అంది పోలమ్మ, ఉల్లిగడ్డ చితక్కొడుతూ. "ఐదుకు పైన ఏమన్నా ఉంటే అదేసుకో."

"పని మానేసి ఇంటి పట్టున ఉంటే సుఖంగా ఉంటాదా అత్తా?"

పోలమ్మ తల ఎత్తింది. ఎదురుగా మేస్తున్న జీవాల వంక చూసింది.

"మీ నాయన పలకరిస్తాడు, తిన్నావా అని. మీ అమ్మ పలకరిస్తాది, పొయ్యికాడికి రా అని. మంచోళ్ళే. నేను గొంతెత్తితే తల తిప్పి చూసేటివి మాత్రం ఇవే బిడ్డా. ఇవి లేని దినం నేను ఉండీ లేనట్టే."

కావ్య అది కూడా ఫోనులో నొక్కుకుంది. నొక్కుకొని, అత్త ఇచ్చిన ముద్ద తిని, నీళ్ళు తాగి లేచింది. అంత మాట విని కూడా ముద్ద దిగిందే నాకు అని, ఇప్పుడనుకుంటోంది ఆ పిల్ల.

హాస్టల్లో కూర్చొని, మనిషికొక చుక్కగా ఆ అంకెలన్నిటికీ గ్రాఫు బొమ్మ గీస్తే, ఊళ్ళో ఆడవాళ్ళందరి చుక్కలూ ఒక మూల గుమిగూడాయి. ఎక్కడో దూరాన, వెలివేసినట్టు ఒక్క చుక్క.

"అదొక్కటే బొమ్మంతా చెడగొడతాంది. తీసెయ్యవే, ఎవరిదో ఏమో," అంది గదిలో తోడుండే రాధాకుమారి.

ఎవరిదో కావ్యకు తెలుసు. తెలిసే తీసేసింది. క్లాసులో సుచరిత మేడం చెప్పిన మాట గుర్తు లేక కాదు. "దూరంగా ఉన్న చుక్క కనబడగానే చీపురు అందుకోకండమ్మా. అది అక్కడికి ఎందుకు పోయిందో ముందు కనుక్కోండి. కారణం దొరికాక తీయాలో ఉంచాలో చూద్దాం" అన్నారు ఆవిడ. కావ్య చెవి ఆ మాటలో తనకు కావలసిన ముక్క, తీయవచ్చు అన్న ముక్క, అంతవరకే పట్టుకుంది. చుక్క పోయింది, బొమ్మ ముచ్చటగా వచ్చింది. సరిగ్గా ఆ మరునాడే యల్లయ్య ఫోన్ చేసి "అత్త ఏమంటాది పాపా?" అని అడిగితే, క్లాసుకు పరిగెత్తుతూ, బొమ్మలో ఉన్నదే చెప్పింది. అందరూ బాగనే ఉండారు నాయనా.

అబద్ధమాడానని కూడా ఆ పిల్లకు తోచలేదు. లెక్క చెప్పాననే అనుకుంది.

దొడ్డిలో పోలమ్మ చీపురు ఆపలేదు. మంద ఒక వారగా నిలబడి నెమరు వేస్తోంది. కావ్య తడిక జరిపి లోపలికి వెళ్ళింది.

"అత్తా."

"వచ్చినావా? బస్సులో సీటు దొరికిందా?"

"దొరికింది."

"మార్కాపురం కాడ జనం ఎక్కువుంటారు. కాళ్ళు లాగతాంటాయి, కూచో."

కావ్య కూర్చోలేదు. పోలమ్మ పెంటికలు గంపకెత్తింది. చెదిరిన వాటిని మళ్ళీ చేరదీసింది. పిల్ల ఏదో అడగడానికి వచ్చిందని ఆమెకు తెలుసు. అడగనివ్వకూడదని కాబోలు, చీపురు చప్పుడు పెంచింది.

"నీకు ఇష్టమేనా అత్తా, మందను ఇచ్చేది?"

చీపురు ఆగింది.

"అడిగితివి గదనే ఆ పొద్దు. నేను చెప్తిని గదా."

"అది..."

"ఎన్నిసార్లు చెప్పించుకుంటారు నాతో?" పోలమ్మ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు ఫోను పట్టుకొని అడుగుతాంటే నేనేమనుకున్నానో తెలుసా? మీ నాయనే అడిగిస్తాండాడు అనుకున్నా. మాకు అట్లనే అలవాటు. చిన్నప్పుడు నా పెళ్ళి మాట కూడా మా నాయన నన్ను అడగలా, మా మేనమామ కూతురితో అడిగించినాడు. ముఖాన అడగలేక తమ్ముడు పిల్లను పంపినాడులే అనుకొని, కడుపులో ఉన్నదంతా చెప్పినా. నెల తిరక్కముందే మందకు బేరం పెట్టినాడు." పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. "సరే, విన్నాడు. విని కూడా అమ్ముతాండాడు. ఇంకేం చేసేది? వాని ఇల్లు, వాని జీవాలు."



అమ్మా, మందంటే మంద. ఈ పూట పోతే ఇంకో పూట చేర్చుకోవచ్చు. పోలమ్మ పోగొట్టుకున్నది తమ్ముణ్ణి. తన మాట విని కూడా పక్కకు నెట్టాడనే నమ్మకంతో ఆ దొడ్డి ఊడుస్తోంది ఆమె.

"నాయన వినలేదు అత్తా," అంది కావ్య. "నాయన అడగమనలా. అది నా చదువు కోసరం నేనే అడిగింది. నువ్వు చెప్పింది నేను నాయనకు చెప్పలా."

"చెప్పలా?"

"తీసేసినా."

"తీసేసినావా? యాడికి?"

"లెక్కలో నుంచి. అందరి మాటలు ఒక తీరుగ ఉండాయి, నీ మాట వేరేగా ఉండాది. ఇమడలా. అందుకని..."

పోలమ్మ మేనకోడలి వంక అట్లాగే చూసింది. కొట్టి ఉంటే బాగుండేదనుకుంది కావ్య. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

"ఇమడలేదంటావు," అని చిన్నగా నవ్వింది పోలమ్మ. "మా అత్తగారింట్లోనూ ఇదే మాటన్నారులే."

గంప నెత్తికెత్తుకొని ఎరువు కుప్ప వైపు పోయింది.

కావ్య వీధిలోకి పరిగెత్తింది. టీ దుకాణం దగ్గర చూసింది, నాయన లేడు. బస్సు షెల్టరు దగ్గర లేడు. ఆయన ఫోను ఇంటి అరుగు మీదే మోగుతోంది. చెంచయ్య బండి నిలవడానికి రోడ్డు వార చోటు చూసి, కంప కొట్టి, యల్లయ్య తీరిగ్గా తిరిగొచ్చేసరికి పొద్దు కొండ వెనక్కి దిగుతోంది. కావ్య వీధిలోనే ఎదురుపోయింది.

"నాయనా, నేను నీకు తప్పు చెప్పినా."

"ఏం తప్పు?"

చెప్పింది. బీడులో అడిగింది, అత్త చెప్పింది, తాను తీసేసింది, అత్త అనుకుంటున్నది, అన్నీ చెప్పింది. చెప్తుంటే ఏడుపొచ్చింది. యల్లయ్య వీధి మధ్యన నిలబడిపోయాడు. గొడ్డలి చేతిలో అట్లాగే వేలాడుతోంది.

"నేను అడిగించినానని అనుకున్నాదా?"

"ఊఁ."

"విని కూడా అమ్ముతాండానని?"

"ఊఁ."

"అది చెప్పినాక నేను అమ్ముతానా? నా ఒంటి మీద తోలు ఉంటాదా!" అన్నాడు యల్లయ్య. "నువ్వు ఒక్క మాట... అక్క ఇట్ల అన్నది నాయనా అని, ఒక్క మాట చెప్పుంటే..."

 కూతుర్ని ఎన్నడూ గట్టిగా కసరని మనిషి. గొడ్డలి దడి పక్కన పడేసి, ఇంటి వైపు పెద్ద పెద్ద అంగలు వేశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అక్కను ఎదురుగా కూర్చోబెట్టి, నీకేం కావాలక్కా అని అడగడానికి పోతున్నాడు.

కావ్య కళ్ళు తుడుచుకుంది. గుండె తేలికపడింది. ఇంకేముంది, నాయన అడుగుతాడు, అత్త చెప్తుంది, చెంచయ్యకు ఫోను పోతుంది. అనుకుంటూ వెనకాలే నడిచి వాకిట్లోకి వచ్చింది.

మల్లి అప్పుడే గూట్లో దీపం పెట్టి, చేతులకంటిన నూనె తలకు రాసుకుంటోంది. కూతురి ఏడుపు ముఖం చూసి దగ్గరికొచ్చి చెంప మీద మెల్లగా తట్టింది.

"దీపం పెట్టినా. ఇంక ఏడుపులు, తగూలు వద్దు. ఈ వేళ నోట మంచిమాట రావాల. తథాస్తు దేవతలు తిరిగే వేళ."

ఎన్ని వందలసార్లు విందో ఆ మాట, చిన్నప్పటి నుంచి. ఇంట్లో బియ్యం లేకున్నా ఆ వేళ 'లేవు' అనరు, 'నిండుకున్నాయి' అంటారు. జ్వరంతో మూలుగుతున్నవాళ్ళు కూడా ఆ వేళ 'తగ్గింది' అంటారు. హాస్టల్లో స్విచ్చి నొక్కితే లైటు. ఆ వేళ ఒకటుందనే మరిచిపోయింది కావ్య.

నాగరత్నమ్మ నవ్వుతూ ఒకటి రాసుకోమన్న సాయంకాలం, ఆమె చేతిలో ఏముంది? నూనె సీసా ఉంది. పక్కింట్లో? వత్తి చేస్తున్నారు. ఆ పై వీధిలో? అగరొత్తి వాసన. ఊరు ఊరంతటినీ ఆ పిల్ల దీపాల వేళే అడిగింది. ఊరు ఊరంతా దీపం ముందర నిలబడి చెప్పే మాటే చెప్పింది. ఎండలో అడిగితే దొరికిన ఒక్క నిజాన్ని తీసి అవతల పారేసింది.

అంతవరకు తోచేసరికి ఇంకొకటి తోచింది. నాయన అడగబోతున్నదీ ఈ వేళే.

"నాయనా! ఇప్పుడు కాదు! ఆగు!"

దొడ్డి వైపు పరిగెత్తింది.

యల్లయ్య అప్పటికే అక్క ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. తడిక సందులో నుంచి గూట్లోని దీపం వెలుగు వాళ్ళిద్దరి మీదా పడుతోంది. ఆయన చేతులు రెండూ అక్క పాదాల దగ్గర ఉన్నాయి.

"...నాకు తెలీదక్కా. ఇప్పుడు అడుగుతాండా, నేనే అడుగుతాండా. జీవాలు పోతే నీకు కష్టమవుతాదా? నోరు తెరిచి చెప్పు. వద్దంటే వద్దు."

పోలమ్మ తమ్ముడి వంక చూసింది. ఆ చూపులో ఏదో కరిగింది, కావ్య చూసింది. పెదవి కదిలింది. తర్వాత ఆమె కళ్ళు దీపం మీదికి పోయాయి. చీపురు కింద పెట్టి, రెండు చేతులూ జోడించింది.

"నాకేం కష్టం నాయనా," అంది. "చల్లగా ఉండా. నువ్వు, నీ ఇల్లు పచ్చగా ఉండాల. లే, కాళ్ళు కడుక్కో."

యల్లయ్య నిట్టూర్చాడు. భారం దిగిన నిట్టూర్పు అది. లేచి, కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇన్నావు గదా పాపా? నా ముఖాన చెప్పింది. నువ్వు ఊరికే భయపడినావు."

"ఇప్పుడు కాదు నాయనా! తెల్లారి అడుగు. ఎండ పొడిచినాక, బీడులో అడుగు. ఇప్పుడు ఎవరూ నిజం..."

"ష్! దీపం వేళ ఏం మాటలే అవి?" యల్లయ్య గొంతు మారింది. "ఎన్నిసార్లు మారుస్తావు లెక్క? ఆ పొద్దు బాగుండాది అంటివి. ఇందాక బాగలేదంటివి. ఇప్పుడు మనిషే నోరు తెరిచి బాగుండా అంటే, అది కూడా తప్పంటావు. నీ చదువును నమ్మాల్నా, మా అక్క నోటిని నమ్మాల్నా?"

 అడిగిన వేళ తప్పు నాయనా అని కావ్య చెప్పాలి. ఒకసారి తప్పు లెక్క చెప్పిన నోటికి రెండోసారి విలువ ఉండదని అప్పుడే తెలిసొచ్చింది.

"బండి పొద్దున్నే వస్తాది," అని యల్లయ్య తొట్టి దగ్గరికి పోయాడు.

కావ్య అత్త పక్కన నేల మీద కూలబడింది. "ఎందుకత్తా అట్ల చెప్పినావు?"

"దీపం ముందర కూచోని తమ్మునికి ఏడుపు చెప్పమంటావా? పిల్లలుగల ఇల్లు."

"తెల్లారి చెప్తావా? నేను నాయనను పిలుచుకొస్తా. బండి రాకముందే."

 పోలమ్మ మంద ముందర నడిచే ముసలి పొట్టేలును దగ్గరికి లాక్కుంది. దాని మెడలో గంట ఉంది. జీవాలను అమ్మేటప్పుడు గంట ఇవ్వరు, ఇంట్లోనే ఉంచుకుంటారు. ముడి ఎన్నేళ్ళదో, గట్టిగా బిగిసింది. ఆ ముడిని గోళ్ళతో విప్పడం మొదలుపెట్టింది.

"తెల్లారనీలే," అంది చివరికి.

చెప్తానన్నట్టో చెప్పనన్నట్టో కావ్యకు అర్థం కాలేదు. గంట చప్పుడు కాకుండా అత్త రెండో చెయ్యి అడ్డం పెట్టుకుంటే, ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసింది.

ఇదమ్మా సంగతి. విని చేతులు దులుపుకొని పోయేది కాదు ఇది. మనసులో పెట్టుకోండి. మీ ఇంట్లో మంద వెనకో, పొయ్యి ముందరో ఒక పోలమ్మ ఉండే ఉంటుంది. బాగున్నావా అని ఆమెను అడగబోయేటప్పుడు ఒకసారి పొద్దు వంక చూసి అడగండి. మిట్ట ఎండలో తుమ్మచెట్టు కింద ఆమె చెప్పిన మాట తమ్ముడికి చేరవలసిన వేళ చేరకుండా పోయింది. మీరు మాత్రం దాన్ని దారిలో పడెయ్యకండి. అక్షరం తీయకుండా, ఆమె అన్నది అన్నట్టుగానే, ఇంకొకరికి చెప్పండి.